హాజరుపట్టీలో లేనివారు

తాంబరమునుండి బీచికి పోవు బండిలో ఉదయము తొమ్మిది గంటలు దాటిన పిమ్మట నిలువ చోటు దొరకుట కష్టము. సైదాపేటలో ఎక్కినవారు ఎగ్మూరులో దిగుదురు; మాంబళమున ఎక్కినవారు కోట స్టేషనులో దిగుదురు. ఎవరిని చూచినను చేతిలో భోజనపు డబ్బా, మెడలో గుర్తుచీటి. ఈ మార్గమున 1931వ సంవత్సరమున విద్యుచ్ఛక్తితో బండ్లు నడువ నారంభించినవి. నాటినుండి నేటివరకు వానిని పోషించినవారు కచేరీ ఉద్యోగులే యనిన అతిశయోక్తి కాదు. ప్రక్కనున్న తెలుగువారిని పలుకరించి చూడుడు. "సెక్రటేరియటులో ఉన్నాను" అని ఒకరు, "బ్యాంకులో ఉన్నాను" అని మరియొకరు, "కంపెనీలో ఉన్నాను" అని వేరొకరు చెప్పుదురు. మనవారు పనిని "చేయుచున్నాను" అందురు గాని, ఉద్యోగములో "ఉన్నాను" అనియే అందురు. ఇల్లున్నట్లు, పొలమున్నట్లు, ఉద్యోగము కూడ మన మొకచోట కుదురుగా ఉండుటకు సాధన మని ఆ మాటలోని భావము.

ఆ "ఉండుట" ఇప్పు డెంతమందికి నిజము? ఈ రాజధానిలోని ఒక మోస్తరు కార్యాలయమున ఒక గదిని ఊహించుకొందము. అందు అయిదు బల్లలు గలవు. మొదటి బల్లవద్ద కూర్చున్నవారు స్థిరోద్యోగి. ఆయన పేరు సంస్థవారి జాబితాలో నున్నది. ఏటేట జీతవృద్ధి, ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుయిటీ అన్నియు కలవు. రెండవ బల్లవద్దనున్న ఆమెకు రెండేండ్ల గడువుతో నియామకము. మూడవ బల్లయందలి యువకుని పంపినది వేరొక మనుష్య సరఫరా సంస్థ. అతని జీతము అక్కడనుండి వచ్చును, అతని మెడలోని గుర్తుచీటి త్రాడు సయితము వేరు రంగు. నాల్గవవారిని "సలహాదారు" అని పిలుతురు. ఆయన పదునొకండు నెలల ఒప్పందముమీద వచ్చినవారు. నెల నెల తామే బిల్లు వ్రాసి యిచ్చి "రుసుము" పుచ్చుకొందురు. సలహా యెవరును అడుగరు. తొమ్మిదిన్నరకు రావలెను, ఆరింటివరకు కూర్చుండవలెను. అయిదవ బల్లవద్ద అప్రెంటిసు పిల్లవాడు, అతనికి భృతి.

ఈ అయిదుగురును ఒకే ఫైలును చేతులు మార్చుకొందురు. ఒకే యంత్రములో ఒకే లెక్కను ఎక్కింతురు. మంచి దినమున వీరి నడుమ భేదము కానరాదు. జ్వరము వచ్చిన దినమున తెలియును. మొదటివారు సెలవుచీటి పంపి పడుకొందురు. రెండవ ఆమె మిగిలిన సెలవులను లెక్కించుకొనును. మూడవ వానికి ఆనాటి జీతము పోవచ్చును. నాల్గవ ఆయన మాత్రలు మ్రింగి వచ్చి కూర్చుండును, ఏలన ఒప్పందము పునరుద్ధరింపవలసిన నెల దగ్గరపడుచున్నది. అప్రెంటిసు ఎవరిని అడుగవలెనో తెలియక ఊరకుండును. ఈ అయిదుగురు వచ్చుటకు ముందే, ఏడు గంటల వేళ, ఆ గదిని ఊడ్చి, బల్లలు తుడిచి, నీళ్లు పట్టి పోయిన ఆరవ మనిషి కూడ నున్నది. ఆమెకు జ్వరము వచ్చినచో ఆమె చెల్లెలో, ఆడుబిడ్డయో బదులు రావలెను. లేనిచో మరునాటికి ఆ పని మరియొకరిది.

ఇది కలికాలపు వింత యని కొందరు పెద్దలు వాపోవుచుందురు. మాకట్లు తోచదు. ఈ పట్టణమున కచేరీ ఉద్యోగము పుట్టినది అస్థిరముగనే. 1639లో కుంపినీవారు ఇక్కడ కోట కట్టుటకు చోటు సంపాదించిన నాటినుండి వారికిని దేశీయులకును నడుమ నిలిచిన దుబాసీలకు నేటి అర్థమున నౌకరీ అనునది లేదు; దొర నమ్మకమే వారికి జీతపు ఉత్తరువు. కాశీయాత్ర చరిత్ర వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పండ్రెండవ యేటనే బోర్డు ఆఫ్ ట్రేడు కచేరీలో వాలంటీరుగా చేరిరని వారి జీవితకథ చెప్పుచున్నది. నేడు మన పిల్లలు "ఇంటర్న్‌షిప్" అని పరుగులెత్తుచున్నది దీనికి చాల దగ్గరి చుట్టము. వీరాస్వామయ్యగారు ఆపైని సుప్రీముకోర్టున ఇంటర్‌ప్రిటరు పదవి నందుకొని, 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చువరకు పదునైదు మాసములకు పైగా యాత్ర చేసి, మరల ఆ ఉద్యోగమున కూర్చుండిరి. ఏడాది దాటిన సెలవు! నేటి సలహాదారుకు పదునైదు దినములు దొరకునా?

అందరికిని అట్టి అదృష్టము పట్టలేదు. ఏలూరి కావలి సోదరుల కథ వేరు. కావలి వెంకట బొర్రయ్య కర్నలు మెకంజీ కడ చేరి శాసనములను, కైఫీయతులను సేకరించుటలో కుడిభుజమై, 1803లో ఇరువదియేడేండ్లకే మరణించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. 1821లో మెకంజీ చనిపోయెను. తరువాత లక్ష్మయ్య ఆ పరిశోధనను తానే నడపుదునని ప్రభుత్వమును వేడుకొనగా, అభిప్రాయ మడుగబడిన కలకత్తా ఏషియాటిక్ సంఘమువారు ఆతడు తగడని తేల్చిరి. రెండు దశాబ్దములకు పైగా ఎవరి చేతిమీదుగా ఆ గ్రంథరాశి పెరిగినదో అతడే దానిని నడపుటకు తగనివాడయ్యెను. దొర పోయిన వెనుక దొరను నమ్ముకొన్న ఉద్యోగము నిలువదు. కడపలో బ్రౌను దొర కొలువులోని పండితులకును జీతములు దొర సొంత సొమ్మునుండి, ఒక్కొక్కప్పుడు దొర చేసిన అప్పులనుండి వచ్చెడివి. మన సాహిత్యమును కాపాడిన ఆ వ్రాతగాండ్రు, నేటి పరిభాషలో చెప్పవలెనన్న, ఒక "ప్రాజెక్టు" ముగియువరకు పనిచేసినవారు.

స్థిరోద్యోగము అనునది ఇంత చరిత్రలో నడుమ వచ్చిన అధ్యాయము. అది మనకు ఊరక రాలేదు. 1947లో ఈ రాష్ట్రమున దుకాణముల, సంస్థల చట్టము వచ్చినది. అంతకుముందు బందరు వీధిలోనో, గోడౌను వీధిలోనో గుమాస్తాగా నుండువాడు కొట్టు కట్టువరకు ఉండవలసినదే. కొట్టు ఎప్పుడు కట్టవలెనో యజమాని యిష్టము. ఆ చట్టము దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలుబదియెనిమిది గంటలు అని గీత గీచినది. ఆరు నెలలు ఎడతెగక పనిచేసినవానిని తగిన కారణము లేకయు, ఒక నెల నోటీసు గాని దానికి బదులు జీతము గాని యీకయు తొలగింపరాదనినది. తొలగింపబడినవాడు అపీలు చేసికొనవచ్చు ననినది. గుమాస్తా యనువాడు యజమాని ఇంటి మనిషి కాడు, పనిచేయు పౌరుడు అని చట్టము చెప్పినట్లయ్యెను. ఆ చట్టమునకే 2021లో ఒక సవరణ వచ్చినది. దుకాణములలో పనిచేయువారికి కూర్చుండుటకు ఆసన ముండవలెనట! త్యాగరాయనగరపు బట్టల దుకాణములలో పట్టుచీరలు విప్పి చూపు పిల్లలు దినమంతయు నిలుచుండుట మన మెరుగనిది కాదు. కుర్చీ యొకటి వేయుటకు డెబ్బదినాలుగేండ్లు పట్టెను.

తరువాత బీమా సంస్థలు 1956లో ఏకమై జాతీయమైనవి. 1959లో మౌంటు రోడ్డున ఎల్.ఐ.సి. భవనము లేచినది. బ్యాంకులు 1969లో పదునాలుగు, 1980లో మరియారు జాతీయమైనవి. బందరున 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు ఈ రెండవ జట్టులోనిది. 2020లో అది యూనియన్ బ్యాంకులో లీనమైనది. ఆ కాలమున తెలుగు ఇండ్లలో పిల్లవాడు పదవ తరగతి కాగానే టైపు నేర్చుకొనుటకు పంపబడెడివాడు. ప్రతి వీధి మూలను ఒక ఇన్‌స్టిట్యూటు. సాయంకాలమున ఆ దారిన పోవువారికి రేకు కప్పుమీద వడగండ్లు పడినట్లు చప్పుడు. లోయరు ప్యాసు, హయ్యరు ప్యాసు, దానితో షార్టుహ్యాండు, పిమ్మట దరఖాస్తు. బ్యాంకు గుమాస్తాకు పిల్ల నిచ్చుటకు పోటీపడిన మామగారలు మన పాఠకులలోనే కొంద రుందురు. "పర్మనెంటా?" అను ప్రశ్న జాతకమున నక్షత్రముకంటె ముందు అడుగబడినది. నేటికిని అడుగబడుచున్నది. నెలకు లక్ష రూపాయలు తెచ్చుకొను కుమారుని గురించి తల్లి చుట్టములతో చెప్పునప్పుడు "కంట్రాక్టు" అను మాటను మ్రింగుచున్నది.

ప్రభుత్వోద్యోగమునకును పాత గట్టితనము తగ్గినది. కేంద్ర ప్రభుత్వమున 2004 జనవరి 1వ తేదీ తరువాత చేరినవారికి (సైనికులు తప్ప) పాత పింఛను లేకపోయినది. జీతమునుండి తీసిన సొమ్ము అంగడిలో పెరిగినంత పెరుగు ననిరి. ఉద్యోగులు ఇరువదియేండ్లు మొరపెట్టగా 2025 ఏప్రిలు 1 నుండి ఏకీకృత పింఛను పద్ధతి యని మరియొక మార్గ మేర్పడినది.

పనియొక్క షరతులు మారినట్లే పనిచేయు చోటును మారినది. అదియు తెలుగువారికి క్రొత్త గాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మేర్పడినప్పుడు ఈ పట్టణపు కచేరీలలోని తెలుగు గుమాస్తాలు ఎందరో పెట్టెలు కట్టుకొని కర్నూలునకు పోయిరి. అక్కడ గుడారములలో కచేరీలు నడచినవి. మూడేండ్లు దాటిన వెంటనే హైదరాబాదునకు మరల పెట్టెలు కట్టవలసి వచ్చెను. 2016లో అదే తంతు. హైదరాబాదునుండి వెలగపూడికి కదలవలసినవారికి వారమునకు అయిదు దినముల పని యను సౌకర్యము ఆశ చూపబడెను. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో అది 1985లోనే వచ్చియున్నది.

ఈ పట్టణములో మాత్రము కచేరీ దక్షిణముగా జరిగినది. మొదట కోటయు, బీచిరోడ్డును, 1788లో మొదలైన ప్యారీ కంపెనీ పేరు మోయుచున్న మూలయు. తరువాత మౌంటు రోడ్డు. 2000వ సంవత్సరమున తరమణిలో టైడల్ పార్కు తెరువబడిన పిమ్మట పాత మహాబలిపురపు దారి. గుంటూరునుండి, నెల్లూరునుండి, తిరుపతినుండి వచ్చిన మన యువతీయువకులు అక్కడ వేలుగా నున్నారు. వారి గడియారము మన గోడమీదిది కాదు. అమెరికాలో తెల్లవారినప్పుడు వీరికి సాయంకాలము. వీరి పని దినము అప్పుడు మొదలగును. ఒకే ఇంట తండ్రి కచేరీనుండి వచ్చి చెప్పులు విడుచుచుండగా కుమార్తె చెప్పులు తొడుగుకొనుచుండును. ఇరువురును మాటాడుకొనుటకు ఆదివారము కావలెను.

పిమ్మట 2020 మార్చి వచ్చినది. కచేరీ ఇంటికే వచ్చినది. చట్టమున ఇంటినుండి పని యను మాట అంతకు మూడేండ్ల ముందే, 2017లో, ప్రసూతి సౌకర్యముల సవరణయందు వచ్చియుండెను: ఇరువదియారు వారముల సెలవు ముగిసిన పిమ్మట, పని స్వభావము అనుమతించినచో, యజమానియు తల్లియు ఒప్పుకొన్నంత కాలము ఇంటినుండి పనిచేయవచ్చునని. తల్లులకు "వీలుబట్టి" అన్న సౌకర్యము 2020లో అందరికిని "తప్పదు" అయినది. ఆ సంవత్సరము నవంబరున కేంద్రపు టెలికాం శాఖ పాత నిబంధనలను సడలించుటతో, ఫోనుమీద దూరదేశముల ఖాతాదారులకు జవాబు చెప్పు పనులుకూడ ఇండ్లలోనికి ప్రవేశించినవి.

ఇల్లే కచేరీ యగుట మనకు వింత యని మేము తలంపము. మన పల్లెలలో కరణముగారి ఇల్లేమి? అటకమీద కవిలె కట్టలు, అరుగుమీద రైతులు, వంటయింటినుండి "ఇంకను ఎంతసేపు?" అను కేక. జమాబందీ దినములలో ఆ ఇంట ఇల్లాలికి విశ్రాంతి యుండెడిది కాదు. వచ్చిన అధికారుల పరివారమునకు విస్తళ్లు వేయుట ఎవరి జీతమునకు పని? కాని కరణమునకు ఒకటి కలదు. ఇల్లు కచేరీకి ఇచ్చినందుకు బదులుగా ఆ ఉద్యోగము వంశమునకు మిరాసీగా దక్కినది. ఆ కరణపు ఉద్యోగమును తమిళనాడున 1980లోను, ఆంధ్రప్రదేశమున 1984లోను రద్దు చేసిరి. రద్దు చేసినది ఉచితమే. నేటి కరణము వేరు. అతడు తన ఇల్లు ఇచ్చును, తన కరెంటు ఇచ్చును, తన కుర్చీలో కూర్చుండును, తన నడుము నొప్పికి తానే మందు కొనును. అతనికి మిరాసీ కాదు గదా, ఒక్కొక్కచో నెల నోటీసును కూడ లేదు. సాయంకాలము ఏడింటికి మొదలైన సమావేశము తొమ్మిదింటికి ముగియును. నడుమ కుక్కరు ఈల వేసినచో క్షమాపణ చెప్పవలెను, తన ఇంటిలో తానే.

ఇందు మేలు లేదని మే మనము. పెరంబూరునుండి సిరుసేరికి దినమునకు మూడు గంటలు త్రోవలో గడపినవారికి ఆ మూడు గంటలు తిరిగి దక్కినవి. వృద్ధులైన తల్లిదండ్రులను చూచుకొనవలసినవారు, పసిపిల్లల తల్లులు, వికలాంగులు, లేకున్న మానుకొనవలసిన ఉద్యోగములను నిలుపుకొనిరి. హోసూరునందో, మదనపల్లెయందో ఉండి చెన్నపట్టణపు జీతము తెచ్చుకొనువారును కలరు. చిక్కంతయు ఎక్కడ నన్న, చోటు మారినప్పుడు షరతులు కాగితముమీదికి రాలేదు. గంట లెన్ని, ఖర్చెవరిది, పిలుపునకు బదులు పలుకనక్కరలేని వేళ ఏది? మా మిత్రులొకరు ఇట్లనిరి: "కచేరీకి తాళమున్నది, రాత్రి కావలివాడు వేసెడివాడు. నా పడకగదికి తాళము వేయువాడెవడు?" ఆయన నవ్వుచు అన్నను, ఆయన ఇల్లాలు నవ్వలేదు.

ఇల్లు, కచేరి, రాత్రి, పగలు అను భేదములు ఎంత పెద్దవైనను, వానిలో స్థిరోద్యోగి బేరమాడుకొనగలడు. బేరమాడుటకు నోరు లేనివారు మూడవ, నాల్గవ బల్లలవద్ద నున్నారు. ఏడు గంటలకే వచ్చిపోవువారు అంతకన్నను నోరు లేనివారు.

న్యాయస్థానము లేమనినవో మన పాఠకులలో న్యాయవాదులకు తెలియును, ఇతరులకొరకు చెప్పుచున్నాము. కర్ణాటక రాష్ట్రపు వాణిజ్య పన్నుల శాఖలో దినవేతనముపై ఏండ్ల తరబడి పనిచేసినవారి వ్యాజ్యమున 2006 ఏప్రిలు 10వ తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, పోటీ లేక నియమింపబడినవారికి స్థిరపరచుడని కోరు హక్కు లేదని తీర్పు చెప్పినది. న్యాయాధికరణముల ఉత్తరువుల చలువ లేకయే, మంజూరైన పదవులలో పదేండ్లు పనిచేసిన అర్హులను ఒక్కసారికి మాత్రము పరిశీలింపవచ్చు ననినది. ఆ తీర్పులో న్యాయము లేకపోలేదు. పైరవీతో దొడ్డిదారిని చొరబడువారిని ఆపవలసినదే, పరీక్షకు కూర్చున్న పేద పిల్లవాని చోటు అది. కాని ప్రభుత్వ శాఖలు ఆ తీర్పులోని మొదటి సగమును కంఠస్థము చేసి, రెండవ సగమును మరచినవి. పంజాబు తాత్కాలికోద్యోగుల వ్యాజ్యమున 2016 అక్టోబరు 26న అదే న్యాయస్థానము, సమానమైన పని చేయువానికి ఆ పదవి వేతనశ్రేణిలోని కనీసపు జీతమైన ఈయవలె ననినది. 2024 డిసెంబరు 20న మరియొక తీర్పు వచ్చినది. కేంద్ర జల సంఘపు కార్యాలయమున దీర్ఘకాలము ఊడ్చిన స్త్రీలు, తోటపని చేసిన ఒక మనిషి తమ్ము తొలగించినందుకు కోర్టున కెక్కిరి. నిత్యము అవసరమైన పనిని తాత్కాలికమను పేరుతో నడపుట తగదనియు, 2006 నాటి తీర్పును ఇట్టివారి హక్కులను త్రోసిపుచ్చుటకు ఆయుధముగా వాడరాదనియు చెప్పి, వారిని స్థిరపరచు మని కోర్టు ఉత్తరువిచ్చినది.

ఆ స్త్రీలు చేయుచున్న పనికి వాదనలో "పార్టు టైము" అను పేరు పెట్టబడెను. ప్రతి దినము గదులు మురికి యగును. ప్రతి దినము ఊడ్చవలెను. అయినను ఆ పని తాత్కాలికము!

ఈ ఊరిలో ఆ చీపురు పట్టుకొన్నవారిలో అనేకులు మన భాషవారు. నెల్లూరు, ఒంగోలు సీమలనుండి తరతరముల క్రిందట వచ్చి, పారిశుద్ధ్యపు పనిలో ఈ పట్టణమును నిలిపినవారు. వారి పేటలలో నేటికిని తెలుగు వినిపించును, రామాలయములును చర్చీలును తెలుగులోనే పాడును. మన సభలలో వారు కనిపింపరు. ఉగాది విందునకు పిలుపులు వారి వీధికి పోవు. 2025 ఆగస్టు 1వ తేదీనుండి పదుమూడు దినములు రిపన్ భవనము ఎదుట బైఠాయించినవారు వీరే. రాయపురము, తిరు. వి. క. నగరు మండలములలో చెత్త ఎత్తు పనిని నగరపాలక సంస్థవారు ప్రయివేటు కంపెనీకి అప్పగించగా, ఏండ్లుగా తాత్కాలికముగా పనిచేసినవారు తమ్ము కంపెనీ చేతిలో పెట్టవల దని, తమ్ము నగరపాలక ఉద్యోగులుగా స్థిరపరచు డని కోరిరి. హైకోర్టు ఉత్తరువు వెనుక ఆగస్టు 13వ తేదీ రాత్రి పోలీసులు వారి నక్కడనుండి తొలగించిరి. ఆ దినములలో రిపన్ భవనపు ముందునుండి కారులలో పోయిన మన పెద్దలలో ఎందరు ఆగి, "ఏమమ్మా, ఏ ఊరు మీది?" అని తెలుగున అడిగిరో మేము చెప్పలేము.

ఇదంతయు సర్కారువారి పని, మనమేమి చేయగలము అందురేమో. ఒకటి చేయగలము, అది చేయుటకు జీతము కూడ పుచ్చుకొనుచున్నాము. 1970 నాటి కంట్రాక్టు కార్మికుల చట్టమున ఒక నియమ ముండెడిది: కంట్రాక్టరు తన మనుష్యులకు జీతములు పంచునప్పుడు ముఖ్య యజమాని ప్రతినిధి దగ్గర నుండి చూచి, పంచిన మొత్తము సరియే యని పట్టికలో సంతకము చేయవలెను. ఆ ప్రతినిధి ఎవరు? పాలనాధికారి, లెక్కల అధికారి, భవనపు మేనేజరు. అనగా మన పాఠకులే. మే మెరిగిన ఒక కార్యాలయమున ఆ సంతకము నెల నెల తప్పక జరిగినది. పట్టికను కంట్రాక్టరు పంపును, అధికారి తన బల్లవద్దనే సంతకము చేసి త్రిప్పి పంపును. ఏండ్ల తరువాత ఊడ్చు స్త్రీ యొకతె, ఆసుపత్రి ఖర్చునకు అప్పు కోరుచు, తనకు వచ్చు జీత మింత యని మాటవరుసకు చెప్పినది. అధికారి నెల నెల సంతకము చేసిన మొత్తములో అది ఇంచుమించు మూడింట రెండుపాళ్లు. ఆయన దొంగ కాడు. ఒక్కసారియైన మెట్లు దిగి క్రిందికి పోలేదు, అంతే.

2025 నవంబరు 21న క్రొత్త కార్మిక స్మృతులు నాలుగును అమలులోనికి వచ్చినవి. 1970 నాటి చట్టము వానిలో కలిసిపోయినది. క్రొత్త స్మృతులనుబట్టి పనివారి కందరికిని నియామక పత్ర మీయవలెను. గడువు నియామకమువారికి అయిదేండ్లు నిండ నక్కరలేక ఒక యేడు పనిచేసినను గ్రాట్యుయిటీ లెక్క కట్టవలెను. కంట్రాక్టరు జీత మీయకున్నచో ముఖ్య యజమాని ఇచ్చుకొనవలెను. చట్టము మంచిదా చెడ్డదా అను చర్చ మరియొకనాటి పని. కార్మిక సంఘములు దానిని తీవ్రముగా నిరసించుచున్నవి, వారి ఆక్షేపణలలో పస యున్నది. ఉన్నంతలో నియామక పత్ర మను ఒక్క మాటను పట్టుకొనవచ్చును. మన గదిలోని నాల్గవ బల్ల ఆయనకు "సలహాదారు" అని వ్రాసి యిచ్చినవారిని, "మీరు ఆయనను తొమ్మిదిన్నరకు రమ్మని ఏల అడుగుచున్నారు?" అని ప్రశ్నింపగలవారు ఆ గదిలోనే కలరు, మొదటి బల్లవద్ద కూర్చున్నవారే వారు.

నెల జీతము మరు నెల ఏడవ తేదీ లోపల ముట్టవలె నని వేతన స్మృతి. ఆ ఏడవ తేదీకి కంట్రాక్టరు పట్టిక ఏదో యొక రూపమున, కాగితముగానో కంప్యూటరు తెరమీదనో, మన బల్లమీదికి వచ్చును. అందు పదునైదో ఇరువదియో పేర్లుండును. సంతకమునకు ముందు ఉదయము ఏడు గంటలకు ఒకసారి కార్యాలయమునకు వచ్చి, ఊడ్చుచున్న ఆమెను పేరు అడిగి, చేతికి ఎంత వచ్చుచున్నదో తెలిసికొని, ఆ పేరు పట్టికలో నున్నదో లేదో చూచుటకు పావుగంట చాలును. మాంబళమునుండి ఆ వేళకు బండిలో కూర్చుండుటకును చోటు దొరకును.